మూడో పిలుపు

జూన్ 3

అంజన్ సారు రాయమన్నాడు కాబట్టి రాస్తున్నాను. పొద్దున కూర్చుని లేచాక ఎంతసేపు కూర్చున్నావో, మనసు ఎలా ఉందో రెండు ముక్కలు రాసుకో తల్లీ, ఎవరికీ చూపెట్టకు, నాకు కూడా, అన్నాడు. చూపెట్టడానికి నా ఇంట్లో ఎవరున్నారు గనక.

డైరీ కొనలేదు. మందుల కంపెనీ వాళ్ళు నిరుడు మా దవాఖానాలో పంచినది మూల పడి ఉంటే తీశాను. నిరుటిది కాబట్టి వారాలు కలవవు. వాటిని కొట్టేసి తారీఖులు మాత్రం ఉంచుకుంటున్నాను. ప్రతి పేజీ కింద కాల్షియం గోళీల బొమ్మ ఉంది. ముప్పై ఏళ్ళు ఆయాగా నిలబడి అరిగిన మోకాళ్ళకు బొమ్మ చూస్తే ఏం వస్తుంది.

ఇరవై నిమిషాలు. మనసు బాగుంది.

జూన్ 4

ఇరవై ఐదు నిమిషాలు. బాగుంది.

జూన్ 6

నిన్న రాయలేదు. కూర్చున్నాను కానీ కింద లీలమ్మ బర్రె ఒకటే అరుపు. దబీర్‌పురా స్టేషన్ దగ్గర ఇల్లు అనగానే అందరూ రైళ్ళ చప్పుడు గురించి అడుగుతారు. రైలు నయం, వచ్చి పోతుంది. బర్రె ఎక్కడికీ పోదు. దాని పాలే తాగుతున్నాను కాబట్టి లీలమ్మను ఏమీ అనలేను.

ఊపిరి ముక్కు కొన దగ్గర లోపలికి పోవడం, బయటికి రావడం చూడాలి. అంతే పని. దవాఖానాలో దీనికన్నా కష్టమైన పనులు చేశాను, ఇది మాత్రం చేతకావడం లేదు.

జూన్ 9

ఈరోజు ఆదివారం, విహారానికి వెళ్ళాను. విహారం అంటే సైదాబాద్‌లో అంజన్ సారు ఇంటి పై గది. ఆయన బస్సు డిపోలో మెకానిక్‌గా రిటైరయ్యాక ఆ గదికి సున్నం వేసి, ఒక బుద్ధుడిని పెట్టి, పది చాపలు కొన్నాడు. ముందు అందరం పంచశీల చెప్పుకుంటాం. నాలుగోది అబద్ధం ఆడకపోవడం. ఆ ఒక్కటీ నాకు సులువు. మిగతావి కూడా కష్టం కాదనుకో, ఈ వయసులో నేను ఎవరి సొమ్ము దొంగతనం చేస్తాను.

తర్వాత మైత్రీ భావన. సుఖంగా ఉండుగాక అని ముందు మనకు మనం అనుకోవాలి. తర్వాత ఇష్టమైన మనిషికి, తర్వాత ముక్కూ మొహం తెలియని మనిషికి, చివరికి మన మనసు కష్టపెట్టిన మనిషికి. నేను మా వార్డు ఇన్‌చార్జి సిస్టర్‌ను తలుచుకున్నాను. మొన్న నా సెలవు కొట్టేసింది. ఆమె సుఖంగా ఉండుగాక అని మనస్ఫూర్తిగా అనుకున్నాను, ఏమీ కష్టం అనిపించలేదు.

అయిపోయాక అంజన్ సారు అడిగాడు, "ఎవరిని పెట్టుకున్నవ్ తల్లీ?" చెప్పాను. ఆయన గడ్డం గోక్కున్నాడు. "గంతేనా? ఇంకెవ్వరు లేరా?"

"లేరు సార్" అన్నాను.

బస్టాండుకు పెద్ద రోడ్డు మీదుగా చుట్టు తిరిగి వచ్చాను. దగ్గరి దారి ఒకటుంది కానీ ఆ గల్లీలో గుంతలు ఎక్కువ.

జూన్ 12

సోనీ అని కొత్తగా చేరిన ఆయా. ఈ కాలం పిల్ల, నోట్లో మాట ఆగదు. దుప్పట్ల స్టోర్‌లోకి వచ్చి లెక్కపెట్టుకుంటూ, "ఆంటీ, నువ్వు లేబర్ రూంల ఇరవై ఏడేండ్లు చేసినవంట గదా, గీ దుప్పట్ల కాడ ఏం జేస్తున్నవ్?" అంది.

మోకాళ్ళ నొప్పి అని చెప్పాను. నిజంగానే మోకాళ్ళు నొప్పిగా ఉంటాయి కాబట్టి అది అబద్ధం కిందికి రాదు.

ముప్పై నిమిషాలు.

జూన్ 16

అంజన్ సారు ఈసారి అధిష్ఠానం చెప్పాడు. గంటసేపు కళ్ళు తెరవకూడదు, చేతులు విప్పకూడదు, కాళ్ళు మార్చకూడదు. దురద పెడితే దురద, నొప్పి పెడితే నొప్పి, చప్పుడైతే శబ్దం అనుకుని మళ్ళీ ఊపిరి దగ్గరికి రావాలి. ఎవరు చేశారు, ఎందుకు చేశారు అని దాని వెంట పోకూడదు.

"ఇల్లు కాలుతుంటే మాత్రం లేవుండ్రి" అన్నాడు. "మల్ల సార్ జెప్పలే అంటరు." అందరం నవ్వాం.

జూన్ 19

దుప్పట్లకు కుట్టే దారం అయిపోతే నయాపూల్ పోయాను. బస్సు కోర్టు ముందు చాలాసేపు ఆగింది. నగేష్ అక్కడే అటెండరు. నగేష్ అంటే నా తమ్ముడు. ఈ పుస్తకంలో ఎవరికి పరిచయం చేస్తున్నానో నాకే తెలియదు.

జడ్జిగారి గది బయట నిలబడి పేర్లు పిలవడం వాడి పని. ఫలానా వాడు హాజర్ హో అని మూడుసార్లు పిలవాలి. మూడో పిలుపుకు కూడా పలకకపోతే ఆ మనిషి రానట్టే, కాగితం మీద అలాగే రాసేస్తారు. వాడి గొంతు వరండా ఈ చివర నుంచి ఆ చివరికి, కింద జిరాక్స్ డబ్బా దాకా వినబడేది. ఇంటికి వచ్చినా అదే అలవాటు, గుమ్మంలో నిలబడి అక్కా, అక్కా, అక్కా అని మూడుసార్లు పిలిచి, "పలుకకపోతే కేసు కొట్టేస్తరు మల్ల" అనేవాడు. మా అమ్మ నవ్వి నవ్వి దగ్గేది.

బస్సులోకి పిలుపులు వినబడలేదు. వినబడాలని కిటికీ తీయలేదు, ఉక్కపోతకు తీశాను.

జూన్ 21

నలభై నిమిషాలు. ఎడమ కాలు మొద్దుబారింది. లేవబోతే పడ్డాను.

జూన్ 24

యాభై రెండు.

జూన్ 25

గంట. పూర్తిగా గంట.

ఫోన్‌లో గంట తర్వాత మోగేలా అలారం పెట్టుకుని ఐదున్నరకు కూర్చున్నాను. ఆరు దాటుతుండగా ఎవరో తలుపు తట్టారు. శబ్దం, శబ్దం అనుకున్నాను. పిలిచారు. మూడుసార్లు. శబ్దం, శబ్దం. వేలు కూడా కదపలేదు. తర్వాత దగ్గు వినబడింది, అదీ శబ్దమే. మెట్ల మీద ఎవరో కూర్చున్నట్టుంది. నేను ఊపిరి దగ్గరే ఉన్నాను. ఇన్నేళ్ళ బతుకులో నన్ను ఏదీ కదపకుండా ఉండడం ఇదే మొదటిసారి. అలారం మోగాక కూడా లేవబుద్ధి కాక ఇంకో పది నిమిషాలు అలాగే కూర్చున్నాను. గుండెలో చల్లగా అనిపించింది. అంజన్ సారు చెప్పే సంతోషం ఇదే అయి ఉంటుంది.

లేచి తలుపు తీసేసరికి ఎవరూ లేరు. పాలాయన కావచ్చు.

జూన్ 26

పాలు లీలమ్మే పోస్తుంది. పాలాయన అని ఎందుకు రాశానో.

పొద్దున గిన్నె పట్టుకుని కిందికి పోతే లీలమ్మ బర్రెకు గడ్డి వేస్తూ, "నిన్న మీ తమ్ముడొచ్చిండు గద స్వరూపా, ఏం మాట్లాడిండు?" అంది. "మస్తుసేపు మెట్ల మీదనే కూసున్నడు. మెడకు తువ్వాల చుట్టుకున్నడు, చలికాలం గూడ కాదు. చాయ్ తాగుతవా బిడ్డా అంటె చెయ్యి ఊపిండు, వద్దన్నట్టు."

స్నానం చేస్తున్నాను, వినబడలేదు అన్నాను.

"గంటసేపు తానమా" అని పాలు పోసింది.

నగేష్ అని నాకేం తెలుసు. కళ్ళు మూసుకుని ఉన్నాను కదా.

జూన్ 28

కూర్చోలేదు. వాన.

జూన్ 30

విహారం మెట్లు ఎక్కుతుంటే అంజన్ సారు పైనుంచి చూసి ఆగిపోయాడు. "నువ్వెట్లొచ్చినవ్ తల్లీ? దవాఖానల ఉంటవనుకున్న."

ఇవాళ నాకు డ్యూటీ లేదు కదా అన్నాను.

"నీ డ్యూటీ గాదు. నగేష్ కాడ." ఆయన ఇంటికి నగేష్ ఇల్లు రెండు గల్లీల దూరం. నాకు తెలియనిది ఆయనకు తెలుసు. గొంతులో గడ్డ అట. ఇరవై ఏళ్ళు గుట్కా నమిలాడు, చెప్తే విన్నాడా. గురువారం ఆపరేషన్ చేసి గొంతు పెట్టె మొత్తం తీసేశారట. మెడ దగ్గర చేసిన రంధ్రంలో నుంచే ఇక ఊపిరి.

"ఇగ మాట రాదంట" అన్నాడు. "తర్వాత మిషన్ ఏదో పెడితె వస్తదంటున్నరు. గని గది మిషన్ గొంతు గద."

"ఎప్పుడు చేరాడు సార్?" అన్నాను.

"మంగళారం. పొద్దుగాల్నే పోయిండు."

మంగళవారం ఇరవై ఐదు.

నేను లోపలికి వెళ్ళి చాప వేసుకుని కూర్చున్నాను. అందరితో పాటు శీలాలు చెప్పాను. ఇంటికి వచ్చి బట్టలు ఉతికాను. ఉతికిన దుప్పటి మళ్ళీ ఉతికాను.

జులై 1

అమ్మ పోయి మూడేళ్ళు. పదకొండో రోజు వాకిట్లో అందరూ తింటున్నారు. నగేష్ తాగి ఉన్నాడు. నేను వడ్డిస్తూ వాడి దగ్గరికి వచ్చేసరికి నా గరిటె మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "అక్క చెయ్యి వడ్డది ఏదీ దక్కది" అన్నాడు. కోర్టులో పిలిచే గొంతుతోనే అన్నాడు. వాకిట్లో చివరి బంతి దాకా వినబడింది.

నా భర్త ఎల్లప్ప పెళ్ళయిన నాలుగో ఏడు పోయాడు. నాకు పుట్టిన ఒక్క పిల్ల తొమ్మిది రోజులు ఉంది. అమ్మ నేను జావ తాగిస్తుంటే పోయింది, చెంచా నా చేతిలోనే ఉంది. ఇవన్నీ తెలిసినవాడు ఆ మాట అన్నాడు. నాకన్నా ఎనిమిదేళ్ళు చిన్న, అమ్మ కూలికి పోతే చంక దించకుండా నేను పెంచినవాడు.

మర్నాడు డ్యూటీకి పోతే అప్పుడే పుట్టిన పిల్లను సిస్టర్ నా చేతుల్లో పెట్టబోయింది. చేతులు వెనక్కి పెట్టుకున్నాను. అంతకు ముందు ఎన్ని వందల మందిని తుడిచి, చుట్టి, బయట నిలబడ్డ నాయనమ్మలకు అందించానో లెక్క లేదు. ఆ వారమే దుప్పట్ల స్టోర్ అడిగి వేయించుకున్నాను. మోకాళ్ళు అని చెప్పాను.

జులై 2

నిన్నటిదాంట్లో ఒకటి రాయలేదు.

అది జరిగిన ఏడాదికి నగేష్ భార్య భాగ్యశ్రీ వచ్చింది. "ఆయన మస్తు బాధపడుతున్నడు వదినా. తప్పయింది అంటున్నడు. నీ మొకం చూసే ధైర్యం లేక నన్ను పంపిండు" అంది.

నేను ఏమన్నానో అక్షరం అక్షరం గుర్తుంది. "ఏ నోటితోటి అన్నడో గా నోటితోటే వచ్చి వాపస్ తీస్కోమను. మనిషిని పంపితె నడువది."

భాగ్యశ్రీ చాయ్ తాగకుండా వెళ్ళిపోయింది. వాడికి ధైర్యం రావడానికి రెండేళ్ళు పట్టింది. ధైర్యమో, డాక్టరు చెప్పిన తారీఖో.

జులై 3

నాకు తెలుసు.

మొదటి పిలుపుకే తెలుసు. ఎవరో కాదు, పాలాయన కాదు. గొంతు బాగా పోయింది, గీరుకున్నట్టుంది, అయినా అక్కా అని సాగదీసి చివర విరిచేది లోకంలో ఒక్కడే. రెండో పిలుపుకు మధ్యలో ఆగి ఊపిరి తీసుకున్నాడు. మూడో పిలుపు సగమే వచ్చింది.

నేను శబ్దం, శబ్దం అనుకున్నాను.

జులై 5

దవాఖానాకు పోయాను. నేను పనిచేసేది కాదు, వాడు ఉన్నది. ముప్పై ఏళ్ళు దవాఖానాలో తిరిగిన దాన్ని, వార్డు దొరక్క మూడు అంతస్తులు తిరిగాను.

భాగ్యశ్రీ వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు. పక్కకు జరగనూ లేదు.

"ఇప్పుడొచ్చినవా వదినా" అంది.

"నాకు తెల్వది భాగ్యా. ఆదివారం దాంక తెల్వది."

"చెప్పుదామనే వచ్చిండు గద నీ ఇంటికి. డాక్టర్ చెప్పిండు, మాట్లాడేదుంటె ఆపరేషన్ ముందుగాల్నే మాట్లాడుకోండ్రి అని. అందరికంటె ముందు అక్క కాడికి పోత అన్నడు. నేను ఆటోలనే కూసున్న, మీ గల్లీ మొదట్ల. అక్కాతమ్ముళ్ళు మాట్లాడుకుంటరు, నేనెందుకని." కొంగు మడతలు పెడుతూ, విప్పుతూ మాట్లాడుతోంది. "వాపస్ వచ్చి ఏమన్నడో తెలుసా. మూడుసార్లు పిలిచిన, పలుకలే. లోపల్నే ఉంది, చెప్పులు ఉన్నయ్ అన్నడు. గంతే. దవాఖాన దాంక మల్ల నోరు తెరువలే. నాతోని మాట్లాడుతనన్న మాటలు గూడ లోపల్నే ఉండిపోయినయ్."

 లీలమ్మకు చెప్పిన స్నానం మాట ఉంది కదా, అది కూడా నోట్లోకి రాలేదు.

"ఒక్కసారి చూసి పోత" అన్నాను.

"ఇప్పుడొద్దు. ముక్కుల పైపున్నది, మెడ నిండ కుట్లున్నయ్. నిన్ను చూస్తె ఏడుస్తడు. ఏడిస్తె కుట్లు గుంజుతయన్నరు."

తలుపు అద్దంలో నుంచి మంచం చివర కాళ్ళు కనబడ్డాయి. కాలి బొటనవేలు వాడిది. చిన్నప్పుడు రాయి తగిలి గోరు పోతే నేనే పసుపు పెట్టాను, మళ్ళీ వంకరగానే వచ్చింది. ఆ వేలు చూసుకుని వచ్చేశాను.

జులై 6

మిగిలినది కూడా రాయాలి. లేకపోతే ఇరవై ఐదో తారీఖు పేజీ చింపేయాలి. చింపడానికి పట్టుకున్నాను కూడా.

లేవబుద్ధి కాక పది నిమిషాలు కూర్చున్నాను అని రాశాను. జరిగింది అది కాదు. అలారం మోగింది. వాడు అవతల మెట్ల మీద ఉన్నాడు, దగ్గుతున్నాడు. నేను కళ్ళు తెరిచి, చెయ్యి చాచి ఫోన్ ఆపాను. అలారం ఆగగానే దగ్గు కూడా ఆగింది. తలుపు అవతల మనిషి లేచి నిలబడ్డ చప్పుడైంది. చెప్పులు సర్దుకున్నాడు. నేను తలుపు తీస్తానని నిలబడ్డాడు.

నేను మళ్ళీ కళ్ళు మూసుకున్నాను.

గంట అయిపోయింది, అధిష్ఠానం అయిపోయింది, నన్ను కూర్చోబెట్టిన నియమం ఏదీ లేదు. వాడు నిలబడ్డాడని తెలిసి కూర్చున్నాను. ఇంకాసేపు నిలబడనీ అనుకున్నాను. మూడేళ్ళు నేను నిలబడలేదా అనుకున్నాను. అప్పుడే గుండెలో చల్లగా అనిపించింది. సంతోషం అని రాసుకున్నాను దాన్ని.

తర్వాత మెట్లు దిగే చప్పుడు. నెమ్మదిగా దిగాడు. ఒక్కో మెట్టు దగ్గర ఆగాడు. ఇప్పుడు పిలిస్తే వెనక్కి వస్తాడని ప్రతి మెట్టుకూ తెలుసు నాకు.

పన్నెండు మెట్లు మా ఇంటివి.

జులై 7

అంజన్ సారుకు చెప్పాను. అందరూ పోయాక, చాపలు చుట్టే వంకతో ఆగి మొత్తం చెప్పాను, అలారం సంగతితో సహా. ఆయన బుద్ధుడి గురించి ఏదో చెప్పి నన్ను ఊరడిస్తాడని అనుకున్నాను. ఊరడిస్తే కోపం తెచ్చుకుందామని కూడా సిద్ధంగా ఉన్నాను.

ఆయన చుట్టిన చాప మీదే కూలబడ్డాడు. "నేను సక్కగ జెప్పలే తల్లీ" అన్నాడు. "ఇల్లు కాలితె లేవుండ్రి అన్న. తమ్ముడొస్తె లేవుమని జెప్పలే. జెప్పాలని గూడ నాకు తెల్వలే."

"మీ తప్పేం లేదు సార్. మీరు చెప్పకున్నా లేచేదాన్ని కాదు."

మిగిలిన చాపలు చుట్టి గోడకు ఆనించాను.

"ఇగ కూసోవద్దా నేను?" అని అడిగాను.

"కూసో. ఎందుకు కూసోవద్దు. గని తలుపు తీసి కూసో."

జులై 8

తలుపు తీసి కూర్చున్నాను. ఏడు నిమిషాలు. లీలమ్మ పాల గిన్నె పెట్టి, "పానం మంచిగ లేదా?" అని అడిగి పోయింది. మనసు బాగాలేదు.

జులై 9

బాగాలేదు.

జులై 12

పది నిమిషాలు. మైత్రీ భావనలో కష్టపెట్టిన మనిషి దగ్గర వాడి మొహం తెచ్చుకుందామని కూర్చున్నాను. రాలేదు. మెట్ల మీద తలుపు వైపు చూస్తూ నిలబడ్డ మనిషి వచ్చాడు. అతన్ని కష్టపెట్టినది నేనే కాబట్టి ఎవరు ఎవరికి సుఖంగా ఉండుగాక అనాలో అర్థం కాలేదు.

జులై 15

సోనీ అడిగింది, "ఆంటీ, మోకాళ్ళు ఎట్లున్నయ్?" నొప్పి మోకాళ్ళది కాదని చెప్పాను. ఆ పిల్ల మొదటిసారి మారు మాట్లాడకుండా దుప్పట్లు ఎత్తుకుని పోయింది.

జులై 18

నగేష్ దవాఖానా నుంచి ఇంటికి వచ్చాడట. అంజన్ సారు ఫోన్ చేసి చెప్పాడు.

జులై 19

పోలేదు. డ్యూటీ.

జులై 20

డ్యూటీ ఒంటి గంటకే అయిపోయింది. పోలేదు.

జులై 21

పున్నమి. విహారంలో పూజ ఉంది, పొద్దున్నే రమ్మన్నాడు అంజన్ సారు. బస్సు దిగి దగ్గరి దారిలో నడిచాను. మూడేళ్ళ తర్వాత ఆ గల్లీలోకి పోవడం. గుంతలు లేవు. సిమెంటు రోడ్డు వేసి ఏడాది దాటిందట, ఇస్త్రీ బండి ఆయన చెప్పాడు.

విహారం దాకా పోలేదు.

నగేష్ ఇంటి తలుపు తీసే ఉంది. అయినా గుమ్మంలో నిలబడి, "నగేష్" అని పిలిచాను. భాగ్యశ్రీ వంటింట్లో నుంచి తొంగి చూసి మళ్ళీ లోపలికి పోయింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. మళ్ళీ పిలవబోయేసరికి లోపలి గదిలో మంచం కర్రను ఎవరో తట్టారు. టక్ టక్. పలికాడన్నమాట. మొదటి పిలుపుకే పలికాడు.

సగమయ్యాడు మనిషి. మెడ ముందు తెల్ల గుడ్డ వేలాడుతోంది, నెలల పిల్లలకు కట్టే చొంగ గుడ్డలాగా. ఊపిరి తీసినప్పుడల్లా అది కొంచెం లోపలికి పోయి బయటికి వస్తోంది. పక్కన పలక, బలపం. నన్ను చూసి పలక అందుకుని రాశాడు. కూసో.

కూర్చున్నాను. మోకాళ్ళు ఎట్లున్నయ్ అని రాశాడు. వాడి అక్షరాలు ఇన్నేళ్ళకు చూశాను, ఇంకా మూడో తరగతి అక్షరాలే.

"నేను లోపల్నే ఉంటి రా" అన్నాను.

ఎర్కే అని రాశాడు.

"మొదటిసారికే గుర్తువట్టిన. అలారం బంద్ జేసినంక గూడ తలుపు తియ్యలే. నువ్వు నిలవడ్డది గూడ నాకు ఎర్కే."

ఇది వాడికి తెలియదేమో. తెలిసే ఉంటుంది.  పలక మీది అక్షరాలు పోయాక కూడా అరచేత్తో తుడుస్తూనే ఉన్నాడు. రాయబోయి ఆగాడు. కోపం వచ్చిందో, ఆయాసం వచ్చిందో, తెల్ల గుడ్డ గబగబా కదిలింది. తర్వాత రాశాడు. మాట వాపస్ తీస్కుందామని వచ్చిన.

"రాసినవ్ గద. చాలు."

బలపం విరిగేటట్టు ఒత్తి రాశాడు. రాస్తె చెల్లది. నోటితోటి అన్న.

"కోర్టుల ఇన్నేండ్లు జేసినవ్, రాసిందే చెల్లుతది గదరా" అన్నాను.

నవ్వాడు. భుజాలు ఊగాయి, కళ్ళు చిన్నవయ్యాయి, అంతా నవ్వే, చప్పుడొక్కటే లేదు. నవ్వుతూనే ఏడుపులోకి పోయాడు. దానికీ చప్పుడు లేదు. పుట్టిన పిల్ల నోరు తెరిచి చప్పుడు రాకపోతే లేబర్ రూంలో మేము పరుగెత్తేవాళ్ళం. ఇక్కడ పరుగెత్తడానికి ఏమీ లేదు. నేను కదలకుండా కూర్చున్నాను. కదలకుండా కూర్చోవడం నేర్చుకున్నాను కదా.

పలక పక్కన పెట్టేశాడు. వీపు ఆనించి సరిగా కూర్చున్నాడు, జడ్జిగారు వస్తుంటే సర్దుకున్నట్టు. నా మొహంలోకి చూసి నోటితో మాట్లాడడం మొదలుపెట్టాడు. పెదవులు కదిలాయి. ముందు అక్కా అన్నాడు, అది తెలిసింది. ఆ తర్వాత చాలా చెప్పాడు. నేను పెదవులు చూసి అందుకుందామనే అనుకున్నాను, కానీ నా కళ్ళ నిండా నీళ్ళు, వాడి మొహమే కనబడలేదు. తుడుచుకుంటే మధ్యలో ఆగిపోతాడని తుడుచుకోలేదు. మూడేళ్ళు నేను అడిగిన మాటలు, ఏ నోటితో అన్నాడో ఆ నోటితోనే, నా ముందు కూర్చుని చెప్తున్నాడు. ఒక్కటి కూడా అందలేదు.

అయిపోయింది. వినబడ్డదా అన్నట్టు కనుబొమ్మలు ఎగరేశాడు.

"వినబడ్డది రా" అన్నాను. "అన్ని వినబడ్డయ్."

నమ్మాడు. నా కుడి చెయ్యి తీసుకున్నాడు, గరిటె పట్టుకున్నప్పుడు అడ్డం పెట్టింది ఆ చేతికే. తీసుకుని తన మెడ మీద తెల్ల గుడ్డకు ఆనించుకున్నాడు. నేను భయపడి లాక్కోబోతే వదల్లేదు. అరచేతికి వెచ్చగా ఊపిరి తగిలింది. పోయింది. మళ్ళీ వచ్చింది. ఎంతసేపు అలా ఉన్నామో నేను అలారం పెట్టుకోలేదు. భాగ్యశ్రీ చాయ్ తెచ్చి నా పక్కన పెట్టింది. చెయ్యి వాడి దగ్గరే ఉంది కాబట్టి ఎడమ చేత్తో తాగాను.

ఇంటికి వచ్చి ఇది రాస్తున్నాను. ఈరోజు కూర్చోలేదు. రేపు సిస్టర్‌ను లేబర్ రూం అడగాలి.

నాలుగో శీలం తప్పాను. అంజన్ సారుకు చెప్పను. నగేష్ మళ్ళీ అడిగినా వినబడ్డదనే చెప్తాను.